కాపురమున్న ఊరి క్షేమము

ధ్యాన వాక్యభాగములు: యిర్మీయా 29:1-14, ద్వితీయోపదేశకాండము 5:12-15, అపొస్తలుల కార్యములు 18:1-11.



ఉద్యోగరీత్యా కార్వేటినగరమునకు వచ్చినవారు నెల తిరుగకముందే మాతో చెప్పు మాట ఒకటి కలదు. "అయ్యగారూ, ఇక్కడ కాలం నిదానంగా నడుస్తుందండీ" అని వారందురు. అందరును దానిని ఒకే భావముతో చెప్పరు. కొందరు సంతోషించి చెప్పుదురు, కొందరు విసిగి చెప్పుదురు. ఒకే మనుష్యుడు సోమవారమున విసిగి చెప్పి, శనివారమున సంతోషించి చెప్పుటయు కలదు. ఈ నెల ఆ నిదానమును గూర్చియే ధ్యానించుదము. అది దేవుని ఈవియా? ఈవియే అయినయెడల దానిని ఎట్లు అనుభవింపవలెను? తన ఊరు కాని ఊరిలో పనిచేసికొని బ్రదుకువాడు అక్కడి నెమ్మదిని ఎట్లు తనదిగా చేసికొనగలడు?

మా ఊరిని ఎరుగనివారి కొరకు రెండు మాటలు చెప్పుదుము. పేరులో నగరమున్నను ఇది చిత్తూరు సీమలోని ఒక చిన్న మండల కేంద్రము. రైలు మార్గము దీనిని తాకదు; చెన్నపట్నమునకు రైలులో పోగోరువారు బస్సెక్కి పుత్తూరు చేరుదురు. ఒకప్పుడిది సంస్థానమునకు ముఖ్యపట్టణము. వేణుగోపాలస్వామి గుడియు, స్కంద పుష్కరిణి యను పెద్ద రాతిమెట్ల కోనేరును ఆ దినములను జ్ఞాపకము చేయుచున్నవి. పదములు కట్టిన సారంగపాణియు, వర్ణములు కట్టిన గోవిందసామయ్యయు ఈ సంస్థానపు పేరుతోనే సంగీతజ్ఞులకు తెలిసినవారు. 1948లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టముతో జమీందారీలు పోయినవి. రాజులు పోయిరి, ఊరు నిలిచెను. చుట్టును మామిడి తోపులు, వరి కయ్యలు, చెనక్కాయ చేలు. మండలములోనే కుశస్థలి నీటిని నిలుపు కృష్ణాపురము జలాశయము. ఇదియే మా ఊరు.

ఈ ఊరికి పనిమీద వచ్చువారు ఎల్లకాలమును ఉన్నారు. సంస్థానపు దినములలో కవులును గాయకులును ఉద్యోగులును వచ్చిరి. నేడు ఉపాధ్యాయులు, బ్యాంకువారు, మండల కార్యాలయపువారు, ఆసుపత్రి నర్సులు వచ్చుచున్నారు. జిల్లా విద్యా శిక్షణ సంస్థ మన ఊరిలో ఉండుటచేత, ఉపాధ్యాయ శిక్షణ కొరకు దూరపు పల్లెలనుండి యువతీ యువకులు వచ్చి గదులు తీసికొని ఉండుటయు మనము చూచినదే.

2020 మార్చి తరువాత మరియొక విధమైనవారు కనబడిరి. కరోనా వ్యాధి మూలముగా దేశమంతట తలుపులు మూయబడినప్పుడు, బెంగుళూరు చెన్నై హైదరాబాదు కంపెనీలలో కంప్యూటరు పనిచేయు యౌవనస్థులు మూటముల్లెలతో చిన్న ఊళ్లకు తిరిగి వచ్చిరి. శరీరము ఇక్కడ, ఆఫీసు అక్కడ. 2023 నాటికి అనేక కంపెనీలు వారిని మరల రమ్మని పిలిచినవి. కొందరు పోయిరి, కొందరు వారమునకు రెండు మూడు దినములు పోయి వచ్చుచున్నారు, కొందరు ఇంకను ఇంటనుండియే పని చేయుచున్నారు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్ర ముఖ్యమంత్రి కూడ, విశేషముగా స్త్రీల నిమిత్తము, ఇంటినుండి పనిచేయు ఏర్పాట్లను విస్తరింపజేయ తలంచుచున్నామని ప్రకటించిరి. కావున ఇది ఒకరిద్దరి సంగతి కాదు. మన సంఘములలో ప్రతి ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండి, ఆశీర్వాదము కాగానే వెళ్లిపోవు ఆ క్రొత్త ముఖముల సంగతి ఇది.

వీరు అనుభవించు నిదానము నిజమైన మేలే. పట్టణములో దినమునకు రెండు మూడు గంటలు బస్సులోను రోడ్డుమీదను పోగొట్టుకొన్నవాడు ఇక్కడ ఆ గంటలను తిరిగి పొందుచున్నాడు. ప్రొద్దున కోనేటి దిక్కున నడచును. మధ్యాహ్నము వేడి సంగటి తినును. సాయంకాలము బిడ్డతో ఆడుకొనును. రాత్రి నక్షత్రములను చూచును. ఇట్టివానిని చూచి, "సోమరియైనాడు" అని మనము తీర్పు తీర్చకూడదు. అలసిన శిష్యులను ప్రభువే ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని పిలిచెను గదా (మార్కు 6:31). విశ్రాంతి పాపము కాదు. అది దేవుడు నియమించినది.

అయితే ఈ మేలును అనుభవింపనియ్యని రెండు రోగములను మేము మా ఊరిలో చూచుచున్నాము. మొదటిది కట్టిన పెట్టె రోగము. రెండవది మూసిన తలుపు రోగము.

కట్టిన పెట్టె రోగమనగా ఏమి? బదిలీమీద వచ్చినవాడు, "రెండేండ్లే గదా" అనుకొనును. గోడకు మేకు కొట్టడు. మంచము కొనడు, చాపమీదనే పరుండును. ఇరుగువారి పేరు అడుగడు. ప్రతి శుక్రవారము సాయంకాలము సంచి తీసికొని పుత్తూరు బస్సు కొరకు నిలుచును, సోమవారము ఎండ ఎక్కినాక వచ్చును. రెండేండ్లు మూడగును, మూడు ఐదగును. ఐదేండ్ల తరువాత కూడ అతడు ఆ ఊరికి నిన్న వచ్చినవానివలెనే ఉండును. ఆయుష్కాలములో ఐదు సంవత్సరములు పెట్టెలో కట్టియే ఉంచెను. ఆ సంవత్సరములను అతనికి ఎవరు తిరిగి ఇచ్చెదరు?

ఇప్పుడు యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయమును తెరచి చూడుడి. క్రీస్తు పూర్వము 597లో నెబుకద్నెజరు యెరూషలేమునుండి రాజైన యెకొన్యాను, అధిపతులను, కంసాలులను, పనివారిని బబులోనునకు తీసికొని పోయెను. వారు కోరి పోయినవారు కారు. అక్కడ వారికి ఒక ఆశ దొరికెను. హనన్యా అను ప్రవక్త లేచి, రెండు సంవత్సరములలో అంతయు తిరిగి వచ్చునని యెరూషలేములో ప్రకటించెను (28వ అధ్యాయము). ఎంత తీయని మాట! రెండేండ్లే అయినచో ఇల్లెందుకు? తోటయెందుకు? పెట్టె విప్పుటయెందుకు?

యిర్మీయా అట్టి మాట చెప్పలేదు. ఆ చెరలోనివారికి అతడు ఒక ఉత్తరము వ్రాసెను. ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియు, తోటలు నాటి వాటి ఫలములు తినుడనియు, పెండ్లిండ్లు చేసికొని పిల్లలను కనుడనియు, దేవుడు తమ్మును పంపిన ఆ పట్టణము యొక్క క్షేమమును వెదకి దాని కొరకు ప్రార్థించుడనియు అందులో వ్రాయించెను. దాని క్షేమములోనే వారి క్షేమమున్నదని తెలిపెను. తిరిగి వచ్చుటకు డెబ్బది సంవత్సరములు పట్టునని కూడ దాచకుండ చెప్పెను.

సహోదరులారా, ఈ ఉత్తరములో ఒక సంగతి గమనింపవలెను. తోట నాటుమని దేవుడు చెప్పినది సొంత దేశములో ఉన్నవారితో కాదు, పరదేశములో ఉన్నవారితో. మన ప్రాంతపు రైతునడుగుడి. అంటు మామిడి మొక్క నాటినవాడు మూడు నాలుగేండ్లకు గాని చెప్పుకొనదగిన కాపు చూడడు; గింజ నాటినవాడు ఇంకను ఎక్కువ ఏండ్లు కనిపెట్టవలెను. పెట్టె కట్టుకొని ఉన్నవాడు తోటకూర విత్తనము చల్లునేమో గాని మామిడి నాటడు. కావున తోట నాటుమనగా ఆ నేలకు ఏండ్లను అప్పగింపుమని అర్థము. వెళ్లిపోవు దినము తెలియకపోయినను, ఉన్న దినమును పూర్తిగా ఉండుమని అర్థము. పరాయి ఊరిలోని నెమ్మదికి ఇదియే మొదటి తలుపు.

ఇక రెండవ రోగము, మూసిన తలుపు. ఇది నిదానమును విసుగుకొనువానికి వచ్చునది కాదు. దానిని మిక్కిలి ఇష్టపడువానికే వచ్చును. అతడు ఊరి నిశ్శబ్దమును ప్రేమించును, ఊరివారిని ప్రేమింపడు. కిటికీ తెరచి కొండను చూచును, తలుపు తెరచి పొరుగువానిని చూడడు. కావలసినది ఫోనులో ఆర్డరు చేయును. ఎండలో బండిమీద తెచ్చిన కుర్రవాని చేతిలోనుండి సంచి పుచ్చుకొని తలుపు మూయును. జీతము పట్టణమునుండి వచ్చును, స్నేహితులు తెరమీద కనబడుదురు, సంగీతము చెవిలో మ్రోగును. అట్టివానికి కార్వేటినగరమైనను మరి ఏ ఊరైనను ఒకటే. అద్దె తక్కువ, గాలి మంచిది, అంతే.

లూకా 12వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ధనవంతుని జ్ఞాపకము చేసికొనుడి. అతడు దొంగ కాడు. అతని భూమి బాగుగా పండెను. ఇక సుఖముగా ఉండవచ్చునని తన ప్రాణముతోనే చెప్పుకొనెను. ఆ కథ అంతటిలో అతడు మరియొక మనుష్యునితో మాటలాడినట్లు లేదు. పొలము కోసినవారెవరు, కొట్లు కట్టువారెవరు, ప్రక్క యింట ఎవరున్నారు, అతనికి తోచలేదు. వాని నెమ్మదిలో వాడొక్కడే ఉండెను. ఆ రాత్రియే ఆ నెమ్మది తీసికొనబడెను.

మన ఊరిలో జరిగిన ఒక సంగతి చెప్పుదుము. పేర్లు అవసరము లేదు. కోస్తా జిల్లానుండి ఒక యౌవనస్థుడు ఉద్యోగమునకు వచ్చి ఒక మిద్దెమీది గదిలో ఉండెను. మృదువైనవాడు, ఎవరి జోలికి పోనివాడు. ఒక అవ్వ ప్రతి ఉదయము మెట్లెక్కి అతని గిన్నెలో పాలు పోసి పోవుచుండెను. నెలకొకసారి డబ్బిచ్చుట తప్ప ఆమెతో అతనికి మాటలు లేవు. ఒకసారి అతనికి గట్టి జ్వరము వచ్చెను. మొదటి దినము గిన్నె బయట పెట్టలేదు. రెండవ దినము కూడ పెట్టలేదు. అవ్వ తలుపు తట్టి, "ఏం నాయనా, రెండు దినాలుగా గిన్నె పెట్టలేదే, బాగుండావా?" అని అడిగెను. అతడు లేవలేని స్థితిలో ఉండుట చూచి, క్రింది యింటివారిని పిలిచి, ఆసుపత్రికి పంపించెను. సాయంకాలము గంజి కాచి తెచ్చెను. నాలుగు దినములలో అతడు కోలుకొనెను.

ఈ కథ ఇంతటితో ముగిసినయెడల వినుటకు సొంపుగా ఉండును. ముగియలేదు. కొన్ని నెలల తరువాత పాలు రాలేదు. మొదటి దినము అతడు అంగడిలో పాల పొట్లము కొనెను. రెండవ దినమును కొనెను. మూడవ దినము, "ఇదే సులువుగా ఉన్నది" అనుకొనెను. నాల్గవ దినమున ఒక చిన్నపిల్ల పాల చెంబుతో మెట్లెక్కి వచ్చెను. అవ్వ ఏమైనదని అడుగగా, కసువు కోయబోయి గట్టు జారి పడినదనియు, చెయ్యి విరిగినదనియు, పుత్తూరుకు తీసికొని పోయి కట్టు కట్టించిరనియు ఆ పిల్ల చెప్పెను.

అతడు మాయొద్దకు వచ్చి, "నేను రెండు దినములు కనబడకపోతే ఆమె తలుపు తట్టినది. ఆమె మూడు దినములు కనబడకపోతే నేను పాల పొట్లము కొన్నాను" అనెను. మేము అతనికి ప్రసంగము చేయలేదు; అతని మనస్సాక్షియే ప్రసంగము చేసెను. తరువాత కట్టు మార్పించవలసిన దినమున అతడే సెలవు పెట్టి, ఆటో మాట్లాడి, అవ్వను పుత్తూరుకు తీసికొనిపోయి తీసికొనివచ్చెను. ఇప్పుడు ఆ మెట్లమీద మాటలు వినబడుచున్నవి.

ప్రియులారా, చిన్న ఊరి నిదానము అనగా ఏమియో ఆ పాలగిన్నెలో ఉన్నది. నిశ్శబ్దము కాదు, చల్లగాలి కాదు, తక్కువ అద్దె కాదు. ఒకరు కనబడకపోయినయెడల మరియొకరు గమనించుటకు తీరిక ఉండుటయే ఆ నిదానము. పట్టణములో ఆ తీరిక కరవు. ఇక్కడ అది ఇంకను మిగిలియున్నది. అయితే అది కోనేటి నీటివంటిది. అందరును ముంచుకొని పోవుచు, ఎవరును పూడిక తీయకపోయినయెడల, రాతిమెట్లు ఎంత గట్టివైనను అడుగున బురదయే మిగులును. గమనింపబడుటకు ఇష్టపడువాడు తానును గమనింపవలెను. యిర్మీయా చెప్పిన క్షేమము వెదకుట అనునది ఇక్కడ మొదలగును.

మరియొక ప్రశ్న అడుగవలసియున్నది. మన నిదానము ఎవరి తొందరమీద నిలిచియున్నది? ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతి దినమును గూర్చి ఆజ్ఞాపించునప్పుడు, దేవుడు ఇంటి యజమానితో ఆగలేదు. దాసుడును దాసియు కూడ అతనివలెనే విశ్రమింపవలెననెను. ఎద్దును గాడిదను సహితము మరువలేదు. ఐగుప్తులో మీరును దాసులై యుంటిరని జ్ఞాపకము చేసెను. కావున దేవుని దృష్టిలో విశ్రాంతికి ఒక పరీక్ష కలదు: నీ విశ్రాంతి నీ యింట పనిచేయు దానికి కూడ అందుచున్నదా?

మేము కొన్ని యిండ్లలో ఇట్లు చూచుచున్నాము. యజమాని ఎనిమిది గంటలకు లేచి తీరికగా కాఫీ త్రాగుచు, ఊరి నెమ్మదిని పొగడుచుండును. పనిమనిషి పది నిమిషములు ఆలస్యముగా వచ్చిన కేకలు వేయును. ఆమె నాలుగు గంటలకే లేచి తన యింటి పనియు మరి రెండిండ్ల పనియు ముగించుకొని వచ్చినది. అతని ఉదయము నిదానముగా ఉండుటకు ఆమె ఉదయము పరుగెత్తుచున్నది. మరియు మనము నిదానమనుకొను దానిని కూలివాడు వేరొక పేరుతో పిలుచును. కోతలు లేని నెలలో చెట్టుక్రింద కూర్చుండువాడు విశ్రమించుట లేదు, పని కొరకు కనిపెట్టుచున్నాడు. నగరి పుత్తూరు ప్రాంతములలో నూలు ధర పెరిగి మరమగ్గము ఆగినప్పుడు, నేతవాని యింట వచ్చు నిశ్శబ్దము నెమ్మది కాదు. మన ఊరి బిడ్డలు ఎందరో ఇక్కడ పని దొరకకయే చెన్నైకి బెంగుళూరుకు పోయి ఇరుకు గదులలో ఉన్నారు. వారు విడిచిన ఊరిలో మనము హాయిని కనుగొంటిమి. ఈ సంగతి తెలిసినవాడు ఊరి నిదానమును పొగడునప్పుడు కొంచెము గొంతు తగ్గించి పొగడును.

రాత్రి పని చేయువారితో కూడ ఒక మాట. అమెరికా కంపెనీల కొరకు పనిచేయు బిడ్డలు మన మధ్య ఉన్నారు. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంకాలము ఆరున్నర, చలికాలములో ఏడున్నర. ఊరంతయు దీపములార్పునప్పుడు వీరి పని మంచి ఊపులో ఉండును. కోడి కూయునప్పుడు వీరు పరుందురు. ఊరి నిదానము వీరి కిటికీవరకు వచ్చి నిలిచిపోవును. వేకువనే లేచి, ప్రొద్దుపోయి పరుండి, కష్టార్జితము తినుట వ్యర్థమని బోధించు 127వ కీర్తన వీరి కొరకే వ్రాయబడినట్లున్నది. కుటుంబము నిమిత్తము కష్టపడు ఆ బిడ్డలను మేము నిందింపము. అయితే వారములో ఒక దినమైనను మీ శరీరమును మీ ఊరి సూర్యునికి అప్పగింపుడని బ్రతిమాలుచున్నాము. తలిదండ్రులారా, వారు పగలు నిద్రించునప్పుడు, "మధ్యాహ్నమైనా లేవలేదు" అని పదిమందిలో ఎగతాళి చేయకుడి. వారు చేసినది రాత్రి కాపరులు చేసిన పనివంటిదే.

పరాయి చోట పనిచేయుచు ఊరిని ప్రేమించుట ఎట్లో పరిశుద్ధ గ్రంథములో మాదిరులు కలవు. యెహెజ్కేలు చెరలోనివారియొద్దకు వచ్చినప్పుడు వెంటనే నోరు తెరువలేదు. కెబారు నదియొద్ద వారు కూర్చున్న చోటనే ఏడు దినములు కూర్చుండెను (యెహెజ్కేలు 3:15). అకుల ప్రిస్కిల్ల అను దంపతులను చూడుడి. చక్రవర్తియైన క్లౌదియ యూదులను రోమానుండి వెళ్లగొట్టగా వారు కొరింథునకు వచ్చిరి. చేతిలో ఉన్నది గుడారములు కుట్టు వృత్తి. ఊరు క్రొత్తది, భవిష్యత్తు తెలియదు. అయినను పౌలును తమ యింట చేర్చుకొని అతనితో కలిసి పనిచేసిరి. పౌలు ఆ పట్టణములో ఒక సంవత్సరము ఆరు నెలలు ఉండెను. తరువాత ఆ దంపతులు ఎఫెసుకు పోయిరి. అక్కడను వారి యింట సంఘము కూడుచుండెను. వారు ఊరు మారినప్పుడెల్ల పనిముట్లతోపాటు తెరచిన తలుపును కూడ తీసికొనిపోయిరి.

అందరికంటె గొప్ప మాదిరి మన ప్రభువే. ఆయన తన యేండ్లలో ఎక్కువ భాగము గడిపినది యెరూషలేములో కాదు, నజరేతను పల్లెలో. అక్కడనుండి మంచిదేదైన రాగలదా యని నతనయేలు సందేహించిన ఊరు అది. దానికి ఇంచుమించు ఆరు కిలోమీటర్ల దూరమున సెప్ఫోరిసను పెద్ద పట్టణమును హేరోదు అంతిప మరల కట్టించెను. నజరేతు పనివారు అక్కడకు నడచిపోయి పనిచేసి సాయంకాలము తిరిగి వచ్చియుందురని కొందరు పండితులు తలంచుచున్నారు. శ్రీసిటీ కంపెనీ బస్సులెక్కి పోయి రాత్రికి పల్లె చేరు మన జిల్లాల యౌవనస్థులకు ఈ తలంపు ఆదరణ కలిగించును. చిన్న ఊరిలో గడచిన ముప్పది యేండ్లు ప్రభువునకు వ్యర్థమైన కాలము కాలేదు. విత్తువాడు, పులిపిండి కలుపు స్త్రీ, పోయిన నాణెము వెదకు గృహిణి, పని కొరకు సంతలో నిలిచిన కూలివారు, వీరందరు ఆయన ఉపమానములలోనికి వచ్చిరి. నిదానముగా చూచిన కన్నులకే ఇట్టివారు కనబడుదురు.

ఇప్పుడు ఆచరణకు వచ్చెదము. పనిమీద మన ఊరికి వచ్చిన ప్రియులారా, మీకు మూడు మాటలు. మొదటిది, పెట్టె విప్పుడి. ఒక మొక్కయైనను నాటుడి. అద్దె యిల్లయినచో కుండీలో నాటుడి. మీరు ఫలము తినకపోయినను తరువాత వచ్చువాడు తినును. రెండవది, మీ వీధిలో పదిమంది పేర్లు నేర్చుకొనుడి. పాలు పోయువారి పేరు, వీధి ఊడ్చువారి పేరు, బస్సు కండక్టరు పేరు అందులో ఉండవలెను. మూడవది, మీకు దొరికిన గంటలలో వారమునకు ఒక గంట ఊరికి తిరిగి ఇయ్యుడి. కంప్యూటరు తెలిసినవాడు పదవ తరగతి బిడ్డకు లెక్కలు చెప్పవచ్చును. బ్యాంకు ఉద్యోగి వ్రాయలేని తల్లికి కాగితము పూర్తిచేసి పెట్టవచ్చును. నర్సు ముసలివారికి మాత్రలు వేళకు మ్రింగుట నేర్పవచ్చును. ఇవి గొప్ప సేవలు కావు. పాలగిన్నె లేదని గమనించుటయు గొప్ప సేవ కాదు. కాని దానివలన ఒక ప్రాణము నిలిచెను.

ఊరిలో పుట్టి పెరిగినవారలారా, మీకును ఒక మాట యున్నది, ఇది కొంచెము కఠినమైనది. మీ మధ్య నివసించు పరదేశిని మీలో పుట్టినవానివలెనే ఎంచవలెనని ధర్మశాస్త్రము బోధించుచున్నది (లేవీయకాండము 19:34). అయితే గది అద్దెకు అడుగ వచ్చినవానిని మనము మొదట అడుగునదేమి? పేరా? పనియా? కాదు, కులము. అది విని, "గది ఖాళీ లేదు" అని చెప్పిన యిండ్లలో సిలువ బొమ్మ వ్రేలాడిన యిండ్లు లేవని మనము చెప్పగలమా? ఒంటరిగా వచ్చిన ఉపాధ్యాయురాలిని అనుమానపు చూపులతో చూచుటయు, పట్టణపు జీతమని అద్దె రెండింతలు చెప్పుటయు మనకు తగునా? ఊరి నెమ్మది మన సొత్తు కాదు, దేవుడు మనకు కాపలాకిచ్చిన సొమ్ము. తలుపు లోపలివాడు మూసినను, బయటివాడు మూసినను, మూసిన తలుపు మూసిన తలుపే.

బదిలీ ఉత్తరము ఒక దినమున వచ్చును. కంపెనీ పిలుపు ఒక దినమున వచ్చును. అందరికిని రావలసిన పిలుపు మరియొకటి ఉన్నది. దానికి పెట్టెతో పనిలేదు. ఆ దినమున, "ఎన్నేండ్లు అక్కడ ఉంటివి?" అని కాక, "అక్కడ ఉన్నన్నాళ్లు అక్కడ ఉంటివా?" అని మనలను అడుగుదురు. మీరు వెళ్లిన మరునాటి ఉదయమున ఈ ఊరిలో ఎవరైనను మీ మెట్లవైపు చూచి, మీరు లేరని గమనించినయెడల, మీరు ఇక్కడ కాపురముండిరి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మమ్మును ఎక్కడ నిలిపితివో అక్కడ పూర్తిగా నిలుచు కృప దయచేయుము. మాకిచ్చిన తీరికను మేమొక్కరమే తినివేయక పొరుగువారితో పంచుకొన నేర్పుము. పని లేక కూర్చున్నవారికి పనిని, పనిలో నలిగినవారికి విశ్రాంతిని ఇమ్ము. దూరమున పనిచేయు మా బిడ్డలకు, అక్కడను ఒక తలుపు తట్టు చేతిని దయచేయుము. మా ఊరి క్షేమములో మా క్షేమమున్నదని మరువనియ్యకుము. ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.